బడి పిల్లలకు వాతావరణం నేర్పడం ఎలా? మన వరంగల్ ఎండావానలతోనే ఒక పూర్తి మార్గదర్శి

జూన్‌లో బడులు తెరవగానే తోటి టీచర్లు ఏటా ఇదే అడుగుతున్నారు. "నీటి చక్రం చార్టు గోడకు పెట్టాను. పిల్లలు బాష్పీభవనం, సాంద్రీకరణం అని గడగడా అప్పజెప్తున్నారు. కానీ గ్లాసు బయట నీళ్లెట్లా వచ్చాయంటే 'గ్లాసు కారుతుంది టీచర్' అంటున్నారు. ఏం చేయాలి?"

చార్టు చివర్న పెట్టండి. ముందు పిల్లల్ని తరగతి గది బయటికి తీసుకెళ్లండి. నేను పాటించే వరుస ఇది: ఇంటి మాటలు, తర్వాత ఆకాశం చూడడం, తర్వాత కొలవడం, ఎందుకు అన్న ప్రశ్న ఆ తర్వాత. నిర్వచనం అన్నిటికన్నా ఆఖరు. ఇది వారం రోజుల్లో ముగించే పాఠం కాదు, రోజుకు ఐదు నిమిషాల చొప్పున ఏడాదంతా నడిచే పని.

1. మొదలుపెట్టేముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- గట్టి అట్ట ఉన్న 200 పేజీల నోట్‌బుక్ ఒకటి, తరగతి మొత్తానికి
- రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు రెండు (ఒకటి కోసేటప్పుడు పాడవుతుంది, ఖాయం)
- గదిలో తగిలించే థర్మామీటర్ ఒకటి
- పాత చున్నీ పీలిక, ఆరేడు అడుగుల వెదురు కర్ర
- మీటరు కర్ర, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు
- అంచులు నిటారుగా ఉన్న స్టీలు డబ్బాలు రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది
- స్టీలు గ్లాసు, రెండు ప్లేట్లు, వెడల్పు మూతి గాజు సీసా, ఊదుబత్తి

జ్వరం చూసే థర్మామీటర్ ఈ పనికి పనికిరాదు. అది ఒంటి వేడికోసం చేసింది, సుమారు 35 నుంచి 42 డిగ్రీల మధ్యే చూపిస్తుంది. డిసెంబర్ పొద్దున 15 డిగ్రీల చలిని, మే నెల 44 డిగ్రీల ఎండను అది చెప్పలేదు. పాదరసం గొట్టాలైతే తరగతిలోకే తేకండి, పగిలితే ప్రమాదం.

బడి ఆవరణలో ఒక మూల ఎంచుకోండి. చెట్టు కొమ్మలు, చూరు దానిమీదికి రాకూడదు. మధ్యాహ్న భోజనం వండే పొయ్యికి దూరంగా ఉండాలి. మేకలు వచ్చే దారి కాకూడదు. నవ్వకండి, మా మొదటి వాన సీసా మేక కాలు తగిలే పోయింది.

2. మొదటి వారం: ఇంటి మాటలు పోగు చేయండి

పుస్తకం తెరవకండి. బోర్డు మీద "వాన" అని రాసి, మీ ఇంట్లో వానను ఇంకా ఏమేమంటారో అడిగి రమ్మనండి. రెండో రోజుకే బోర్డు నిండుతుంది. తుంపర, ముసురు, జడివాన, రాళ్లవాన, తొలకరి వస్తాయి. మబ్బుకు మొగులు, ఇంద్రధనుస్సుకు సింగిడి, చలికి ఇగం, గాలివానకు ముందు లేచే గాలిదుమారం, జూన్ మొదట్లో ఉడుకపోత. చంద్రుడి చుట్టూ కనిపించే వలయానికి వరదగుడి అనే పేరుందని మా తరగతికి చెప్పింది ఓ పిల్ల వాళ్ల నానమ్మే.

ఒక్కో మాటకు ఒక్కో తేడా ఉంటుంది. ముసురు అంటే సన్నగా, ఆగకుండా, రోజంతా పడేది. జడివాన అంటే పెద్ద చినుకులతో జోరుగా కురిసేది. ఈ తేడా చెప్పగలిగిన పిల్లకు వాన ఎంత జోరుగా పడింది, ఎంతసేపు పడింది అనేవి వేర్వేరు సంగతులని అప్పటికే తెలుసు. మనం దానికి అంకెలు కలుపుతాం, అంతే.

ఇక్కడ ఒక చిక్కుంది. తెలుగులో "వాతావరణం" అనే మాట రెండు మూడు పనులు చేస్తుంది. భూమి చుట్టూ ఉన్న గాలి పొరా వాతావరణమే, ఇవాళ మొగులుగా ఉందనేదీ వాతావరణమే. మూడో తరగతి దాకా "ఇవాళ్టి వాతావరణం" అనే అనండి, "ఇవాళ్టి" అన్నది వదలొద్దు. నాలుగు, ఐదు తరగతుల్లో "శీతోష్ణస్థితి" తీసుకురండి. ఇవాళ గొడుగు తేవాలా అన్నది వాతావరణం. మన దగ్గర ఏ నెలలో విత్తనం వేస్తారన్నది శీతోష్ణస్థితి. ఈ ఒక్క పోలికతో సరిపెడితే చాలు.

కాలాల గురించి ఒక మాట. బజారులో దొరికే చార్టుల్లో మంచు బొమ్మ, ఎర్రటి ఆకులు రాలే చెట్లు ఉంటాయి. నేనూ ఒకటి కొని గోడకు పెట్టాను. జనవరిలో మంచు ఎప్పుడు పడుతుందని పిల్లలు కిటికీలోంచి చూడడం మొదలుపెట్టాక తీసేశాను. ఎండాకాలం, వానాకాలం, చలికాలం ముందు రానివ్వండి. ఆరు ఋతువుల పేర్లు తర్వాత పాటలా నేర్పొచ్చు.

3. రెండో వారం: ఐదు నిమిషాల నోట్‌బుక్

ఈ మార్గదర్శిలో ఒక్కటే చేయగలనంటే ఇది చేయండి. మిగతావన్నీ దీనిమీదే ఆధారపడతాయి.

రోజూ ప్రార్థన కాగానే ఇద్దరు పిల్లలు బయటికి వెళ్లి చూసి వచ్చి రాస్తారు. ఒకడు చూస్తాడు, ఒకడు రాస్తాడు, మర్నాడు మారతారు. గడులు ఇవి:

- తేదీ, వేళ
- ఆకాశం: తేట, సగం మొగులు, పూర్తి మొగులు
- గాలి: ఏ దిక్కు నుంచి, ఎంత
- వేడి: ఎన్ని డిగ్రీలు
- వాన: ఎన్ని మిల్లీమీటర్లు
- ఒక్క వాక్యం: ఇవాళ కొత్తగా కనిపించింది ఏమిటి

అన్ని గడులూ మొదటి రోజే తెరవకండి. జూన్‌లో ఆకాశం, వాక్యం మాత్రమే. గాలి, వాన, వేడి గడులు ఆయా పాఠాలు అయ్యాకే. ఒకటి, రెండు తరగతుల వాళ్లు బొమ్మ వేస్తే చాలు. మూడో తరగతి మాటల్లో రాస్తుంది. నాలుగు, ఐదు తరగతులు అంకెలు రాసి, నెలాఖరుకు గ్రాఫ్ గీస్తాయి.

వేళ మారకూడదు. వాతావరణ శాఖ వాన లెక్క రోజూ పొద్దున 8:30కి తీస్తుంది. మనకు బడి వేళను బట్టి 9:15 కావచ్చు, మార్చిలో ఒంటిపూట బడులప్పుడు ఇంకా ముందు కావచ్చు. మారిస్తే మారిన తేదీ రాయించండి.

తరచూ జరిగే తప్పు: సెలవు రోజు గడి ఖాళీగా ఉందని సోమవారం పిల్లలు గుర్తు తెచ్చుకుని నింపడం. నింపనివ్వకండి. అక్కడ "చూడలేదు" అని రాయించండి. శని, ఆదివారాలు రెండూ సెలవైతే ఆ వాన సోమవారం సీసాలో కలిసే ఉంటుంది, దాన్ని "మూడు రోజులది" అని రాయాలి. చూడనిది రాయకూడదని పిల్లలకు అలవాటయ్యేది ఇలాంటి చోటే.

4. గాలి ఎటు నుంచి వస్తోంది?

ముందు దిక్కులు. ఫోన్‌లో దిక్సూచి పెట్టి బడి నేలమీద సున్నంతో ఎనిమిది దిక్కులూ గీయండి. మూలల పేర్లు మన పిల్లలకు కొత్త కాదు. ఇల్లు కట్టేటప్పుడు ఈశాన్యం మూల, ఆగ్నేయంలో పొయ్యి అని వింటూనే ఉంటారు. నైరుతి మూల ఎక్కడో చూపిస్తే "నైరుతి ఋతుపవనాలు" అన్న మాట దానంతటదే తెరుచుకుంటుంది. వానను తెచ్చే గాలి ఆ మూల నుంచి వస్తుంది.

వెదురు కర్రకు చున్నీ పీలిక కట్టి పాతండి. పిల్లలు తప్పకుండా పొరబడేది ఇక్కడే. పీలిక తూర్పుకు ఎగిరితే "తూర్పు గాలి" అంటారు. కాదు. గాలికి పేరు వచ్చే వైపును బట్టి. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది. కళ్లు మూసుకుని మొఖానికి గాలి తగిలేదాకా మెల్లగా తిరగమనండి, తగిలినప్పుడు ముందున్న దిక్కే గాలి పేరు. రెండు రోజుల్లో కుదురుకుంటారు.

పెద్ద తరగతులతో గాలి బాణం చేయించండి. స్ట్రాకు ఒక చివర చిన్న మొన, రెండో చివర పెద్ద తోక అట్టతో అతికించి, నడిమధ్య గుండుసూదితో పెన్సిల్ రబ్బరుకు గుచ్చాలి. బాణం తిరగట్లేదంటే మొన, తోక ఒకే సైజులో ఉన్నాయన్నమాట. తోక పెద్దది చేయండి. సూది బిగుసుకుపోయినా తిరగదు. బాణం మొన గాలి వచ్చే వైపే చూస్తుంది, పీలికకు సరిగ్గా ఎదురు.

గాలి ఎంత అన్నది చూపుతోనే చెప్పొచ్చు:

- పొగ నిటారుగా పోతోంది: గాలి లేదు
- వేపాకు కదులుతోంది, మొఖానికి తెలుస్తోంది: మెల్లని గాలి
- పీలిక చాచుకుని ఎగురుతోంది, దుమ్ము లేస్తోంది: గట్టి గాలి
- పెద్ద కొమ్మలు ఊగుతున్నాయి: లోపలికి రావాలి

5. వాన సీసా: తొందరపడకుండా చేయండి

పాఠ్యపుస్తకంలో దీన్ని వర్షమాపకం అంటారు, మా పిల్లలు వాన సీసా అంటారు.

తయారీ వరుస:

1. సీసా పైభాగం, భుజం వంపు మొదలయ్యే చోట గుండ్రంగా కోయండి. కత్తెర పని పెద్దలదే.
2. అడుగున ఎగుడుదిగుడు గుంతలు ఉంటాయి. అక్కడ గులకరాళ్లు వేసి, సీసా గోడలు నిటారుగా మొదలయ్యేదాకా నీళ్లు పోయండి. ఆ నీటి మట్టమే సున్నా. అక్కడ టేపు అంటించండి.
3. సున్నా నుంచి పైకి స్కేలు నిలబెట్టి అతికించండి.
4. కోసిన పైభాగాన్ని మూత తీసి, తలకిందులుగా గరాటులా పెట్టి టేపు వేయండి. గరాటు మూతి వెడల్పు, సీసా వెడల్పు ఒకటే ఉండాలి. వంటింటి పెద్ద గరాటు పెడితే లెక్క మొత్తం తప్పు.
5. ఇసుక నింపిన బకెట్లో గానీ, నాలుగు ఇటుకల మధ్య గానీ నిలబెట్టండి. మూతి నేలకు అడుగు ఎత్తులో ఉంటే కింది చిందులు పడవు.
6. దగ్గర్లో గోడో చెట్టో ఉంటే, దాని ఎత్తుకు రెండింతల దూరం జరపండి.

రోజూ పొద్దున కళ్లను నీటి మట్టానికి సమంగా దించి చూడాలి. నిలబడి పైనుంచి చూస్తే తప్పు అంకె వస్తుంది. రాశాక ఎక్కువైన నీళ్లు పారబోసి మళ్లీ సున్నా దగ్గరికి తేవాలి. వాన పడని రోజుల్లో సున్నా కింది నీళ్లు ఎండకు ఇగురుతాయి, పొద్దున్నే నింపండి. లేదంటే రాత్రి పడ్డ నాలుగు మిల్లీమీటర్లు సున్నాగా కనిపిస్తాయి.

ఇప్పుడు రెండు డబ్బాల పరీక్ష. చిన్న డబ్బా, పెద్ద డబ్బా వానలో పక్కపక్కన పెట్టండి. దేంట్లో ఎక్కువ ఎత్తు నీళ్లుంటాయని ముందే అడగండి. తరగతిలో సగంమంది పెద్ద డబ్బా అంటారు. మరికొందరు "చిన్నది తొందరగా నిండుతది" అంటారు. వాన ఆగాక స్కేలు ముంచి చూస్తే రెంటిలోనూ ఒకటే ఎత్తు. మా దగ్గర ఒకడు ఒప్పుకోలేదు. స్కేలు తుడిచి నాలుగుసార్లు ముంచి చూశాడు. అప్పుడు చెప్పాను: పెద్ద డబ్బా మూతి పెద్దది, ఎక్కువ చినుకులు పడతాయి, కానీ అడుగూ అంతే పెద్దది కాబట్టి ఆ నీళ్లన్నీ పరుచుకుంటాయి. అందుకే వానను లీటర్లలో కాక మిల్లీమీటర్లలో చెప్తారు. బకెట్ మాత్రం ఈ పరీక్షకు వాడకండి, దాని గోడలు ఏటవాలుగా ఉంటాయి.

ఐదో తరగతికి లెక్క కలపండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. తరగతి గది స్లాబు 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉంటే 30 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే 600 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు 40.

అంకె అలవాటయ్యాక వాతావరణ శాఖ మాటలు చెప్పండి. ఒక రోజులో 2.5 మిల్లీమీటర్లు దాటితే అది వాన రోజు. 64.5 దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. మీటరు కర్ర మీద 65 సెంటీమీటర్లు చూపించండి. మూడో తరగతి పిల్లకు నడుము దాకా వస్తుంది. మన స్లాబు మీదైతే దాదాపు 1,300 బిందెలు. ఆ వరదలో ఇల్లూ గొడ్లూ పోగొట్టుకున్న చుట్టాలున్న పిల్లలు మీ తరగతిలో ఉండొచ్చు. అది చూసుకుని మాట్లాడండి, వాళ్లు చెప్తే విననివ్వండి, మీరుగా అడగొద్దు.

చిక్కులు, సరిచేసే తీరు:

- పొంగి పొర్లింది: "నిండి పొర్లింది" అని రాయండి, అంకె ఊహించకండి.
- పేపర్లో వచ్చిన మండలం అంకెకూ మనదానికీ పొంతన లేదు: ఊరికీ ఊరికీ వాన మారుతుంది, మండలంలో ప్రభుత్వ వాతావరణ కేంద్రం ఉన్నచోటు వేరు. పిల్లలకు అదే ఒక పాఠం.
- దోమలు: గరాటు మూతికి పల్చని నెట్ గుడ్డ కట్టండి.

6. వేడి, నీడ

నా తప్పుతో మొదలుపెడతాను. మొదటిసారి థర్మామీటర్‌ను రేకుల వరండాలో గోడకు తగిలించాను. రెండు వారాలు పిల్లలు పడమటి ఎండ పడే వేళ 46, 47 అని శ్రద్ధగా రాశారు. పేపర్లో వరంగల్ 41 అని ఉంది. మేం రాసింది గాలి వేడి కాదు, రేకు వేడి, గోడ వేడి. ఆ పేజీలు చించలేదు. పక్కన "తప్పు చోట పెట్టాం" అని రాయించాను.

సరైన చోటుకు చెక్‌లిస్టు:

- రోజంతా నీడ
- గాలి ఆడే చోటు
- గోడకు ఆనించకుండా, తాడుతో వేలాడదీసి
- నేలకు నాలుగడుగుల ఎత్తు
- చూసేటప్పుడు థర్మామీటర్ కింది గుండు చేత్తో పట్టుకోకూడదు, మీద ఊపిరి వదలకూడదు

ఇక నీడ. మీటరు కర్రను నిటారుగా పాతి, మధ్యాహ్నం 12 దాటాక పది పదిహేను నిమిషాలకు నీడ కొలవండి. మన దగ్గర ఎండ నడినెత్తికి వచ్చేది అప్పుడే. నెలకు ఒకరోజు చాలు. డిసెంబర్ 21 ప్రాంతంలో నీడ 88 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖర్లో ఒకసారి నీడ దాదాపు కాలికిందే మాయమవుతుంది. మేలో సెలవులు, జూలైలో మొగులు. అయినా మొగులు విడిస్తే వదలొద్దు.

ఎండాకాలం సూర్యుడు దగ్గరికి వస్తాడని పిల్లలే కాదు, చాలామంది పెద్దలూ అనుకుంటారు. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మనం స్వెట్టర్లు వేసుకునే రోజుల్లో. దూరం కాదు, ఎండ ఎంత నిటారుగా, ఎంతసేపు పడుతుందన్నదే లెక్క. టార్చిలైటు నేలమీద నిటారుగా వేసి, తర్వాత ఏటవాలుగా వేయండి. వెలుగు పరుచుకుని పల్చబడడం కళ్లముందే కనిపిస్తుంది.

7. నీళ్లెక్కడికి పోయాయి? మళ్లీ ఎక్కడి నుంచి వచ్చాయి?

నాలుగు పనులు, ఈ వరుసలోనే.

తడి పలక. తడి వేలితో పలక మీద పేరు రాయమనండి. ఎండలో ఒకటి, నీడలో ఒకటి. ఎవరి పేరు ముందు పోయింది? నీళ్లు మరగలేదు, అయినా పోయాయి. "ఆవిరి కావాలంటే మరగాలి" అన్న తప్పు ఇక్కడే విరుగుతుంది.

ప్లేటు, గ్లాసు. ఒకే కొలత నీళ్లు ప్లేటులో ఒకటి, గ్లాసులో ఒకటి. పొద్దున పెట్టి సాయంత్రం చూడండి. ఫిబ్రవరి, మార్చి దీనికి మంచి నెలలు. జూలై ముసురులో చేస్తే ఏమీ జరగదు, పిల్లలు నీరసపడతారు.

చెమట పట్టిన గ్లాసు. స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు, నీళ్లు, గుప్పెడు కుంకుమ వేసి ఎర్రగా చేయండి. బయట పట్టిన చుక్కల్ని తెల్ల గుడ్డతో తుడవమనండి. గుడ్డ ఎర్రగా కాలేదు. అంటే లోపలి నీళ్లు కారలేదు, గాలిలోని ఆవిరే చల్లటి స్టీలుకు తగిలి చుక్కలైంది. వానాకాలంలో రెండు మూడు నిమిషాల్లో పడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం వట్టి చల్లనీళ్లతో చేస్తే పట్టకపోవచ్చు, గాలిలో తేమ తక్కువ. ఐసు తప్పనిసరి.

ఎవరో ఒకరు అడుగుతారు, "మరి రంజన్ బయట తడి?" మంచి ప్రశ్న, కానీ సంగతి వేరు. మట్టి రంజన్‌కు సన్నని రంధ్రాలుంటాయి, లోపలి నీళ్లే బయటికి ఊరి, ఆవిరవుతూ కుండను చల్లబరుస్తాయి. స్టీలుకు రంధ్రాల్లేవు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించండి, మాటలతో వదిలేస్తే కలిపేసుకుంటారు.

సీసాలో మబ్బు. గాజు సీసాలో రెండంగుళాల వేడినీళ్లు మీరే పోయండి, పిల్లలతో పోయించొద్దు. ఊదుబత్తి పొగ ఒక్క క్షణం లోపలికి వదిలి, ఐసు పెట్టిన స్టీలు ప్లేటు మూతగా పెట్టండి. వెనక నల్ల కాగితం ఉంటే తెల్లటి మబ్బు సుడులు తిరుగుతూ కనిపిస్తుంది. పొగ ఎక్కువైతే "మబ్బంటే పొగ" అని నేర్చుకుంటారు. అందుకే రెండో సీసాలో చల్లనీళ్లు, అంతే పొగ పెట్టి చూపించండి. అక్కడ మబ్బు పట్టదు. గాలిలోని సన్నటి దుమ్ము, పొగ రేణువుల మీద ఆవిరి చుక్కలుగా పేరుకుంటుంది, మబ్బంటే ఆ చుక్కలే.

ఈ నాలుగూ అయ్యాక నీటి చక్రం బొమ్మ గీయించండి. సముద్రం, కొండ కాదు, మీ ఊరి చెరువు, పొలాలు, తాటిచెట్లు గీయమనండి. "అయితే మన చెరువు నీళ్లే మనకు వాన అవుతాయా?" అని అడుగుతారు. కొంత మాత్రమే. మన వానాకాలపు తేమ ఎక్కువగా అరేబియా సముద్రం, బంగాళాఖాతం నుంచి వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో విన్న రెండు మూడు రోజులకు మన చెరువు నిండి మత్తడి దుంకడం పిల్లలు చూసే ఉంటారు. మన ఏడాది వానలో దాదాపు ఐదింట నాలుగు వంతులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడతాయి. ఏడాది గ్రాఫ్ గీస్తే ఆ గుట్ట కనిపిస్తుంది.

8. ఉరుము, మెరుపు, పిడుగు

ఇది ఆట పాఠం కాదు. ముందు జాగ్రత్తలు, తర్వాతే సైన్సు.

- ఉరుము వినపడితే పక్కా ఇంట్లోకి, బడిలోకి
- చెట్టు కిందికి, కరెంటు స్తంభం దగ్గరికి వద్దు
- చెరువులో, పొలంలో నీళ్లలో ఉంటే వెంటనే బయటికి
- ఏ నీడా దొరకకపోతే కాళ్లు దగ్గర పెట్టి గొంతుక్కూర్చోవాలి, నేలమీద పడుకోవద్దు
- ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు

గొడ్ల దగ్గరికి, పత్తి చేనుకు వెళ్లే పిల్లలకు ఇది నాలుగుసార్లు చెప్పాలి, చేసి చూపించాలి. ఉరమగానే "అర్జునా ఫల్గుణా" అనే అలవాటు మన ఇళ్లలో ఉంది. అననివ్వండి, కానీ లోపలికి వచ్చాక. ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లకు పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన దామిని యాప్ సంగతి చెప్పండి. చుట్టుపక్కల పిడుగుల హెచ్చరిక అందులో వస్తుంది.

గదిలో కూర్చుని లెక్కపెట్టించండి. మెరిసినప్పటి నుంచి ఉరిమేదాకా ఎన్ని సెకన్లు? శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, కాబట్టి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరిమితే పది కిలోమీటర్ల లోపే ఉంది, కదలొద్దు.

"మబ్బులు గుద్దుకుంటే ఉరుముతుంది" అని దాదాపు ప్రతి తరగతిలో అంటారు. మబ్బంటే నీటి చుక్కలు, అవి గుద్దుకుంటే అంత చప్పుడెక్కడిది? మెరుపు దారిలోని గాలి ఒక్కసారిగా విపరీతంగా వేడెక్కి ఉబ్బుతుంది, ఆ పేలుడే ఉరుము. ఊదిన కాగితం సంచి పగలగొడితే ఒక పోలిక దొరుకుతుంది.

వార్తల్లో వచ్చే రంగులూ ఇక్కడే చెప్పండి. ఆకుపచ్చ: భయం లేదు. పసుపు: గమనిస్తూ ఉండండి. నారింజ: సిద్ధంగా ఉండండి. ఎరుపు: వెంటనే జాగ్రత్త పడండి.

9. నానమ్మ మాటను పరీక్షించండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఇంట్లో వాన గురించి చెప్పే గుర్తులు రాసుకుని రమ్మనండి. చీమలు గుడ్లు మోసుకుపోతే వాన. ఉసిళ్లు లేస్తే వాన. వరదగుడి కడితే వాన. మృగశిర కార్తెలో చల్లబడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి.

కార్తెల తేదీలు గోడమీద రాయండి. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో మొదలవుతాయి. ఎర్రటి ఆరుద్ర పురుగులు మొదట కనిపించిన తేదీ నోట్‌బుక్‌లో పడాలి.

తర్వాత ప్రతి గుర్తుకూ రెండు గడులు: "గుర్తు కనిపించింది", "రెండు రోజుల్లో వాన పడింది". కనిపించినా పడని రోజులు కూడా రాయాలి. పిల్లలు నిజమైనవే రాసి మిగతావి మరిచిపోతారు, అక్కడ మీరు కాపలా ఉండాలి. నానమ్మ మాట తప్పని నిరూపించడం మన పని కాదు, కళ్లు మూసుకుని ఒప్పుకోవడమూ కాదు. కొన్ని గుర్తులు బాగా నిలబడతాయి, కొన్ని నిలబడవు. ఏవో మీ నోట్‌బుక్కే చెప్పాలి.

10. ఏ నెలలో ఏది

- జూన్: ఇంటి మాటలు, ఆకాశం, వాన సీసా తయారీ
- జూలై నుంచి సెప్టెంబర్: వాన లెక్క, గాలి, చెమట పట్టిన గ్లాసు, పిడుగు జాగ్రత్తలు
- అక్టోబర్: వాన గ్రాఫ్. ఒక సోడామూతకు ఐదు మిల్లీమీటర్లు అనుకుని నేలమీద పేర్చించండి
- నవంబర్ నుంచి జనవరి: వేడి కొలత, నీడ, పొద్దున మంచు, పొగమంచు
- ఫిబ్రవరి నుంచి ఏప్రిల్: తడి పలక, ప్లేటు గ్లాసు, వడదెబ్బ జాగ్రత్తలు, రాళ్లవాన

మార్చి, ఏప్రిల్‌లో అకాల వాన పడితే పాఠం ఆపి మాట్లాడండి. కళ్లంలో మిర్చి ఎండబోసిన ఇళ్లలో మొగులు కాగానే టార్పాలిన్ పట్టుకుని ముందు పరుగెత్తేది ఎవరని అడగండి. తడిసిన మిర్చిని ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్తే ధర ఏమవుతుందో నాలుగో తరగతి పిల్లాడు మనకే చెప్తాడు.

11. నేర్చుకున్నారో లేదో తెలుసుకోవడం

నిర్వచనాలు అడగకండి. ఇవి అడగండి:

- నోట్‌బుక్‌లో ఏదో ఒక పేజీ తెరిచి, "ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో చెప్పు"
- థర్మామీటర్‌ను కావాలని ఎండలో పెట్టి, "ఇందులో తప్పేముంది?"
- వాన సీసాలో 12 చూపించి, "పెద్ద సీసా పెడితే ఎంత వచ్చేది?"
- "రేపు ఏం తెచ్చుకోవాలి? ఎందుకు?"

ఆఖరి ప్రశ్నకు "గొడుగు" అన్నది సగం జవాబే. "పొద్దటి నుంచి ఉడుకపోత, పడమర మొగులైంది, నిన్న కూడా ఇట్లనే ఉండి సాయంత్రం పడింది" అంటే పూర్తి మార్కులు.

ఏప్రిల్ ఆఖరి పనిరోజున నోట్‌బుక్‌ను కింది తరగతికి అప్పగించండి. అట్ట మీద బడి పేరు, విద్యా సంవత్సరం, రోజూ చూసిన వేళ, వాన సీసా పెట్టిన చోటు రాయించండి. మేక వల్లో మరెందువల్లో చోటు మార్చి ఉంటే, మార్చిన తేదీ కూడా.